ఓపెనింగ్‌లో ప్రేక్షకుడికి ఏం పని ఇస్తున్నారు?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇలా. ఇది మీ మొదటి సినిమా, థ్రిల్లర్. ఒక నర్సు డ్యూటీ ముగించుకుని రాత్రి ఇంటికొస్తే తన తాళంచెవితో తలుపు తెరుచుకోదు. ఎవరో తాళం మార్చేశారు. మార్పించింది సొంత చెల్లెలేనని చాలాసేపటికి గానీ తేలదు. కథ నిజంగా మొదలయ్యేది ఆ తలుపు దగ్గరే అయినా స్క్రిప్టులో అది తొమ్మిదో పేజీలో వస్తుంది. ముందున్న ఎనిమిది పేజీల్లో అలారం మోగడం, ఆమె నిద్రలేవడం, ఆసుపత్రి, స్నేహితురాలితో కబుర్లు. నిర్మాత చదివి, "మొదట్లో ల్యాగ్ ఉంది, సెకండాఫ్ ఛేజ్‌లోంచి ఒక ముక్క తెచ్చి ముందు పెట్టి, తర్వాత 'మూడు రోజుల ముందు' అని కార్డు వెయ్యి" అన్నారు. అలా చేయాలా వద్దా, అసలు ఓపెనింగ్ అనేది జనాన్ని ఎలా కూర్చోబెడుతుంది అని అడిగారు.

నిర్మాత జబ్బును సరిగ్గానే పట్టుకున్నారు. మందు దగ్గరే నాకు పేచీ. నేను ఏళ్లుగా ఎడిటింగ్‌లో ఉన్నవాణ్ని కాబట్టి ఎడిట్ టేబుల్ దగ్గర కనిపించే విషయాలే చెబుతాను. రచయితలు దీన్నే వేరేలా చెప్పొచ్చు.

'మొదటి పది నిమిషాల్లో పట్టెయ్యాలి' అని అందరూ అంటారు. పట్టెయ్యడమంటే పెద్ద చప్పుడు చేయడం అనుకునేసరికి చిక్కొస్తుంది. పేలుడుకు ఎవరైనా ఉలిక్కిపడతారు, కొన్ని సెకన్లలో సర్దుకుంటారు. ఎవరు ఎవర్ని ఎందుకు తరుముతున్నారో తెలియని ఛేజ్‌ని జనం ఊరికే చూస్తారు: కార్లు, దుమ్ము, ఆర్‌ఆర్ (నేపథ్య సంగీతం) మోత. మనిషి కుర్చీలోంచి కదలకుండా ఉండాలంటే అతని బుర్రకు మనం ఏదో ఒక పని అప్పజెప్పాలి. 'ఇది ఎవరిదో కనిపెట్టు.' 'ఈ మనిషికి తెలియనిది నీకు చెప్పాను, ఇక నీ తంటాలు నువ్వు పడు.' 'వీళ్లలో ఎవరో అబద్ధమాడుతున్నారు, చూస్తూ ఉండు.' పని చిన్నదైనా ఫరవాలేదు, స్పష్టంగా ఉండాలి. అది పూర్తయ్యేలోగా రెండోది చేతికందాలి.

ఆర్సన్ వెల్స్ తీసిన 'టచ్ ఆఫ్ ఈవిల్' (1958) మొదటి షాట్ గురించి వినే ఉంటారు. మూడు నిమిషాలకు పైగా కట్ లేకుండా సాగుతుంది. దాని గురించి మాట్లాడేవాళ్లంతా క్రేన్ గొప్పతనమే చెబుతారు. నేను చూడమనేది వేరే. తెర మీద మొట్టమొదట కనబడేది ఒక టైమ్ బాంబు, దాని టైమర్ తిప్పుతున్న చేతులు. ఆ మనిషి పరుగున వెళ్లి దాన్ని ఒక కారు డిక్కీలో పెట్టి మాయమవుతాడు. ఒక జంట వచ్చి ఆ కారెక్కుతుంది. అక్కడితో మనకు పని దొరికింది, లోపల లెక్కపెట్టుకోవడం మొదలవుతుంది. కెమెరా ఇళ్ల కప్పుల మీదుగా పోతుంటే కారు కాసేపు కనబడదు, మళ్లీ వీధిలో తేలుతుంది. ట్రాఫిక్ పోలీసు ఆపుతాడు. మేకల మంద అడ్డొస్తుంది. కొత్తగా పెళ్లయిన మరో జంట ఆ కారు పక్కనే నడుస్తూ ఉంటారు, వాళ్లే కథానాయకుడూ కథానాయికా. కారు వాళ్లను దాటుతుంది, ఆగుతుంది, వాళ్లు కారును దాటుతారు.

ఈ మూడు నిమిషాల్లో వెల్స్ ఎంత సమాచారం చెప్పాడో చూడండి. ఇది సరిహద్దు ఊరు, రాత్రిపూట కూడా జనం తిరుగుతుంటారు, చెక్‌పోస్టు ఉంది, వీళ్లిద్దరికీ కొత్తగా పెళ్లయింది, అతను పేరున్న అధికారి. విడిగా ఒక సీన్ రాసి ఇదంతా చెబితే ఆవలింతలొస్తాయి. డిక్కీలో బాంబు ఉంది కాబట్టి మేక అడ్డొచ్చినా టెన్షనే. చెక్‌పోస్టు దగ్గర కారులోని అమ్మాయి తన తలలో ఏదో టిక్‌టిక్‌మంటోందని అంటుంది, ఎవరూ పట్టించుకోరు. చివరికి పేలుడు తెర బయట వినబడుతుంది. ఆ తర్వాతే మొదటి కట్, మండుతున్న కారు. మీ నిర్మాత కోరుకునే మోత ఇందులోనూ ఉంది. కాకపోతే మూడు నిమిషాలు మన చేత పని చేయించుకుని, ఆ తర్వాత ఇచ్చారు.

ఈ షాట్‌కు ఇంకో చరిత్ర ఉంది, అది మీకు నేరుగా పనికొస్తుంది. స్టూడియో ఈ షాట్ మీద పేర్లు వేసి, హెన్రీ మాన్సినీ సంగీతం పరిచింది. సినిమాలో ఏమేం మార్చాలో వెల్స్ 58 పేజీల మెమో రాశాడు. అప్పట్లో పెద్దగా చెల్లలేదు. 1998లో ఎడిటర్ వాల్టర్ మర్చ్ ఆ మెమో ఆధారంగా సినిమాను మళ్లీ కూర్చినప్పుడు పేర్లు తీసేశారు, నేపథ్య సంగీతం బదులు వీధిలోని బార్ల నుంచీ కారు రేడియో నుంచీ వచ్చే పాటలు పెట్టారు. వీలైతే రెండూ వెంటవెంటనే చూడండి. పేర్లున్నదాంట్లో కన్ను చదవడానికి పోతుంది, బాంబు సంగతి మధ్యమధ్యలో మరిచిపోతాం. పేర్లు లేనిదాంట్లో కారు రేడియో పాట దగ్గరికొచ్చినప్పుడల్లా కడుపులో తిప్పినట్టవుతుంది, ఎందుకంటే కారు ఎక్కడుందో చెప్పేది ఆ పాటే. షాట్ అదే, నటులూ వాళ్లే. ప్రేక్షకుడి చేతిలోని పనికి మనమే అడ్డం పడకపోవడం ఎంత ముఖ్యమో ఇంతకంటే బాగా చూపించే ఉదాహరణ నాకు తెలియదు.

ఇక్కడ మనకు పాత్రల కంటే ఎక్కువ తెలుసు. స్పీల్‌బర్గ్ 'జాస్' (1975) మొదట్లో ఒక అమ్మాయి సముద్రంలో ఈతకు దిగినప్పుడూ అంతే, నీటి కింద ఏదో ఉందని ఆ రెండు స్వరాల సంగీతం ముందే చెప్పేస్తుంది. సొరచేప మాత్రం కనబడదు. మెకానికల్ సొరచేప ఉప్పునీళ్లలో మొరాయించడం వల్ల సినిమాలో చాలాభాగం దాన్ని దాచాల్సి వచ్చిందన్న కథ అందరికీ తెలుసు. ఎడిటర్‌గా నాకు ఎప్పుడూ ఆసక్తి కలిగించేది ఒడ్డున పడున్న కుర్రాడు. ఆ అమ్మాయితోపాటు వచ్చినవాడే. తాగిన మత్తులో ఇసుక మీద వాలిపోతాడు. ఆమె కేకల నుంచి అతని మగతకు కట్ చేసి, మళ్లీ ఆమె దగ్గరికి వెళ్తారు. ఆ కుర్రాడి షాట్లు తీసేసి ఊహించుకోండి: సీన్ భయంగానే ఉంటుంది, కానీ 'ఒరే లేవరా' అని మనం లోపల అరిచే అవకాశం పోతుంది. పైగా మిగతా సినిమాలో సగం, ప్రమాదం ఉందని మొత్తుకున్నా వినిపించుకోని ఊరి గురించే. ఆ ఊరి మొదటి నమూనా ఈ కుర్రాడు. మంచి ఓపెనింగ్‌లో ఇలాంటివి చూసినప్పుడు తెలియవు, రెండోసారి చూస్తేనే బయటపడతాయి.

మీ నిర్మాత వాడిన ల్యాగ్ అనే మాటకు వద్దాం. మెల్లగా నడిస్తే ల్యాగ్ అనుకుంటారు చాలామంది. సెర్జియో లియోనీ 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్' (1968) ఎలా మొదలవుతుందో చూడండి. ముగ్గురు తుపాకీగాళ్లు ఒక రైల్వే స్టేషన్‌లో రైలు కోసం కాచుక్కూర్చుంటారు. పది నిమిషాల దాకా జరిగేది దాదాపు అంతే. సంగీతం లేదు. గాలిమర కిర్రుమంటూ తిరుగుతుంది. ఒకడి టోపీ మీద పైనుంచి నీటిచుక్కలు పడుతుంటాయి. ఇంకొకడి మొహం మీద ఈగ వాలుతుంది, విసుగెత్తి దాన్ని తుపాకీ గొట్టంలో బంధించి ఆ రొద వింటూ కూర్చుంటాడు. ఇంత నెమ్మదిలోనూ హాల్లో ఎవరూ కదలరు. వీళ్లు ఎవరినో చంపడానికి వచ్చారని మనకు అర్థమైపోయింది. ఎవర్ని, ఎప్పుడు అన్నది రైలుతోపాటు రావాలి. ఎదురుచూడటమే ఇక్కడ మనకిచ్చిన పని, ప్రతి చిన్న చప్పుడూ దానికి మేత వేస్తుంది. మీ ఎనిమిది పేజీలు దీనికంటే వేగంగానే నడుస్తాయి, సీన్లు కూడా ఎక్కువ. అయినా ల్యాగ్ అనిపించాయంటే కారణం, వాటిలో చూసేవాడు దేని కోసం ఎదురుచూడాలో ఎక్కడా చెప్పలేదు.

మోత అవసరమైన ఓపెనింగులూ లేకపోలేదు. స్పీల్‌బర్గ్‌దే 'సేవింగ్ ప్రైవేట్ ర్యాన్' (1998), ఒమాహా బీచ్ మీద దిగే ఘట్టం ఇరవై నిమిషాలకు పైగా ఉంటుంది. చెవులు చిల్లులు పడే యుద్ధం. అయితే తుపాకులు మోగకముందే, పడవలో ఒక చెయ్యి క్లోజప్‌లో కనబడుతుంది. నీళ్లు తాగబోతూ వణుకుతూ ఉంటుంది. ఆ చెయ్యి కెప్టెన్‌ది. ఈ మనిషి తట్టుకుంటాడా అనే ప్రశ్న మన చేతిలో పెట్టి, ఆ తర్వాతే నరకం తెరిచారు. సినిమా నడుస్తుండగా ఆ వణుకు మళ్లీ మళ్లీ కనబడుతుంది.

ఇప్పుడు నిర్మాత చెప్పిన 'మూడు రోజుల ముందు' సంగతి. ఈ పద్ధతి చెడ్డదని నేను అనను. బిల్లీ వైల్డర్ 'సన్‌సెట్ బొలివార్డ్' (1950) అలాగే మొదలవుతుంది. ఈతకొలనులో ఒక శవం తేలుతూ ఉంటుంది, పోలీసులు, ఫోటోగ్రాఫర్లు గట్టు మీద నిలబడి ఉంటారు. అడుగు నుంచి చూస్తున్నట్టు కనబడే ఆ షాట్‌ని నీటి అడుగున అద్దం పెట్టి, అందులో పడే ప్రతిబింబాన్ని తీశారు. ఒక గొంతు ఆ శవం గురించి ఎవరో పరాయివాడి గురించి చెప్పినట్టు తాపీగా, కొంచెం వెటకారంగా చెబుతుంది. ఆ గొంతు ఆ శవానిదే. ఈ ఒక్క చావు తెలియడం వల్ల ఆ తర్వాతి ప్రతి సీన్ మారిపోతుంది. అతను ఆ భవనంలోకి కారు తిప్పినా, డబ్బు తీసుకున్నా, కొత్త కోటు వేసుకున్నా, 'వద్దురా, వెళ్లిపో' అనిపిస్తుంది. ఏం జరుగుతుందో దాచలేదు, ఎలా జరుగుతుందన్న పని ఇచ్చారు.

ఈ సినిమా ముందు ఇలా మొదలవలేదన్నది ఇంకా ఆసక్తికరమైన విషయం. మొదట తీసింది శవాగారంలో. శవాలన్నీ తాము ఎలా చచ్చిపోయామో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ప్రివ్యూలో కథానాయకుడి శవం కాలివేలికి చీటీ కట్టగానే జనం పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఇక ఆగలేదు. ఓపెనింగ్ 'నవ్వుకోండి' అని చెప్పేసింది కాబట్టి ఆ తర్వాత విషాదం పండలేదు. దాంతో ఆ భాగం మొత్తం పక్కనపెట్టి కొలను సీన్ పెట్టారు. ఓపెనింగ్ సినిమాను ఏ మూడ్‌తో చూడాలో కూడా చెబుతుంది, అది తప్పితే కథ ఎంత బాగున్నా తర్వాత సర్దుకోవడం కష్టం. మీది సీరియస్ థ్రిల్లర్. మొదటి ఎనిమిది పేజీల్లో స్నేహితురాలి జోకులు బాగానే పేలాయి, చదువుతుంటే నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు తలుపు దగ్గరికి కూడా వెంట వస్తే మీ పని అయిపోయినట్టే.

మీ ఛేజ్ ముక్కను ముందు పెడితే ఏమవుతుందో ఇప్పుడు చూడండి. ఆమె మూడు రోజుల తర్వాత కూడా బతికే ఉందని తెలిసిపోతుంది. తరుముతున్నది మగవాడని తెలిసిపోతుంది, చెల్లెలి మీద అనుమానం రావాల్సిన చోట రాదు. పోనీ ఆ తెలిసినదాని వల్ల తర్వాతి సీన్లు బరువెక్కుతాయా అంటే, ఎక్కవు. ఛేజ్ దాకా చూసేవాడు అప్పు తీరేదెప్పుడా అన్నట్టు ఎదురుచూస్తాడు. ఎడిట్‌లో ఈ చిట్కా చాలాసార్లు చూశాను. అసలు ఓపెనింగ్ బలహీనంగా ఉందని తెలిసి, దాన్ని బాగుచేసే ఓపిక లేనప్పుడు వాడతారు. 'మూడు రోజుల ముందు' కార్డు పడగానే ఆ బలహీనమైన ఓపెనింగే మళ్లీ మొదలవుతుంది. మీ అలారం అలాగే మోగుతుంది.

తాళం సంగతి లాంటి రహస్యం ఉన్నప్పుడు ఓపెనింగ్‌లో చేయాల్సిన ఇంకో పని ఉంది. ముందు ముందు పనికొచ్చేదాన్ని అందరి కళ్లముందే పెట్టి, ఎవరూ గమనించకుండా చూసుకోవడం. 'షోలే' (1975) మన వాళ్లలో చూడనివారు అరుదు. రైలొస్తుంది, జైలర్ దిగుతాడు, గుర్రాల మీద ఊరికి ప్రయాణం, పేర్లు పడతాయి. ఠాకూర్ శాలువా కప్పుకుని ఉంటాడు, పెద్దమనిషి కదా, మనం ఏమీ అనుకోం. వెంటనే ఫ్లాష్‌బ్యాక్‌లో రైలు మీద దొంగలతో పోరాటం, అందులో అదే ఠాకూర్ పోలీసు దుస్తుల్లో తుపాకీ పట్టుకుని పోరాడతాడు. చేతులు ఉన్న మనిషిని, చేతులు కనబడని మనిషిని పక్కపక్కనే పెట్టి చూపించారు. హోలీ రోజు దాడి జరిగాక గానీ ఆ తేడా మనకు తట్టదు. పోరాటం హోరులో శాలువా కొట్టుకుపోయింది. నిర్మాతలు 'ముందే యాక్షన్ కావాలి' అన్నప్పుడు నేను గుర్తుచేసేది ఇదే: షోలే రైలు పోరాటం యాక్షన్ మాత్రమే అయితే ఇంత కాలం నిలబడేది కాదు. ఠాకూర్ ఖైదీలుగా తీసుకెళ్తున్న ఇద్దరు దొంగలు, జై, వీరూ, తప్పించుకునే వీలుండీ గాయపడ్డ పోలీసును వదిలిపోలేదన్న సంగతి కూడా అక్కడే చెప్పారు, ఠాకూర్ వాళ్లనే ఎందుకు వెతుకుతున్నాడో దాంతో తెలిసిపోతుంది.

మరీ దగ్గరి ఉదాహరణ కావాలంటే 'బాహుబలి' మొదటి భాగం (2015). వీపులో బాణం దిగిన ఒక స్త్రీ, చేతిలో పసిబిడ్డ, వెంట సైనికులు. నదిలో కొట్టుకుపోతూ కూడా బిడ్డను ఒంటిచేత్తో నీటిపైకి ఎత్తి పట్టుకుంటుంది. ఈ చిత్రమే అందరికీ గుర్తుంటుంది. నాకు అంతకంటే విలువైనది దాని తర్వాతి చిన్న సంగతి: ఊరివాళ్లు బిడ్డను అందుకున్నాక ఆమె వేలు పైకి, జలపాతం వైపు చూపించి మునిగిపోతుంది. ఇక ఆ కుర్రాడు పెద్దవాడై ఆ జలపాతం ఎక్కాలని పదేపదే ప్రయత్నిస్తుంటే, ఎందుకు ఎక్కాలో ఎవరూ మనకు వివరించాల్సిన అవసరం రాలేదు. పైన ఏదో ఉందని ఆ వేలు చెప్పేసింది. మన పని, అతను పైకి చేరేదాకా ఆగడం. గ్రాఫిక్స్ ఎంత ఖర్చుతో చేసినా ఆ దిశ లేకపోతే అది వట్టి జలపాతమే.

సమాచారం చెప్పాల్సి వస్తే ఎలా అని అడుగుతారేమో. 'సిటిజన్ కేన్' (1941) లో 'లోపలికి రాకూడదు' అన్న బోర్డు దాటి కెమెరా లోపలికి పోతుంది, ఒక ముసలాయన ఒకే ఒక్క మాట అని చచ్చిపోతాడు. వెంటనే ఆయన జీవితమంతా ఒక వార్తాచిత్రంగా గడగడా చెప్పేస్తారు: ఆస్తి, పెళ్లిళ్లు, ఎన్నికలు, పతనం. ముందు ప్రశ్న పెట్టారు కాబట్టి ఆ సమాచారంలో జవాబు వెతుక్కుంటూ వింటాం. ఆ వరుస తారుమారు చేసి, ముందు వార్తాచిత్రం పెట్టుంటే అది పాఠం అయ్యేది. ఇదొక్కటీ గుర్తుపెట్టుకుంటే సగం వాయిస్ ఓవర్‌లు అవసరం పడవు.

ఏడిపించే ఓపెనింగ్ గురించి మీరు అడగలేదు. కానీ 'అప్' (2009) వదిలేయలేను, ఎందుకంటే దాన్ని అందరూ తప్పుగా కాపీ కొడతారు. కార్ల్, ఎల్లీల దాంపత్యమంతా నాలుగు నిమిషాల్లో, మాట లేకుండా చూపిస్తారు. సంగీతం వల్ల ఏడుపొచ్చిందనుకుని మాంటాజ్ (చిన్న చిన్న షాట్ల వరస) వేసి వయొలిన్లు పెట్టేస్తారు. అక్కడ జరిగేది వేరు. ప్రయాణం కోసం డబ్బు దాచుకునే సీసా ఒకటి ఉంటుంది. టైరు పేలితే పగులుతుంది, కాలు విరిగితే పగులుతుంది, ఇంటి మీద చెట్టు పడితే పగులుతుంది. మూడోసారికి మనమే ముందు పసిగడతాం. ఎల్లీ అతనికి టై కడుతూ ఉంటే టైల రంగులు మారుతాయి, ఏళ్లు గడుస్తాయి. కొండెక్కేటప్పుడు పడుచు వయసులో ఎల్లీ ముందు పరుగెత్తుతుంది, కార్ల్ వెనక రొప్పుతూ వస్తాడు. ముసలితనంలో అదే కొండ, ఈసారి అతను ముందు, ఆమె వెనక. అంతే చాలు, ఆమె కూలబడకముందే మనకు తెలిసిపోతుంది. ఒకే బొమ్మను రెండుసార్లు చూపించి తేడా లెక్కగట్టే పని మనకు వదిలేశారు. లెక్క మనం చేశాం కాబట్టే ఏడుపు మనది అయింది.

పేర్ల గురించి క్లుప్తంగా. 1955లో 'ద మ్యాన్ విత్ ద గోల్డెన్ ఆర్మ్' సినిమాకు డిజైనర్ సాల్ బాస్ టైటిల్స్ చేసేనాటికి, చాలా హాళ్లలో పేర్లు మూసి ఉన్న పరదా మీదే పడేవి, అసలు సినిమా మొదలయ్యేటప్పుడు పరదా తీసేవాళ్లు. ఆ సినిమా రీళ్ల డబ్బాల మీద 'టైటిల్స్‌కు ముందే పరదా తీయండి' అని ప్రొజెక్షనిస్టులకు రాసి పంపారు. అప్పటినుంచి టైటిల్స్ కూడా కథలో భాగమనే ఆలోచన బలపడింది. 'సెవెన్' (1995) టైటిల్స్‌లో ఎవరో ఒకడు వేళ్ల చర్మం బ్లేడుతో చెక్కుకుంటూ, నోటుపుస్తకాలు కుట్టుకుంటూ ఉంటాడు. హంతకుడి మొహం సినిమాలో చాలా ఆలస్యంగా వస్తుంది, అతని ఉనికి మాత్రం పేర్లతోనే మొదలైంది. 'స్టార్ వార్స్' వరసలో రెండో సినిమా (1980) మొదట్లో దర్శకుడి పేరు వేయలేదని అమెరికా దర్శకుల సంఘం ఆ సిరీస్ సృష్టికర్త జార్జ్ లూకస్‌కు జరిమానా వేస్తే, కట్టేసి సంఘం నుంచే బయటికొచ్చాడు. పేర్లు ఎక్కడ పడాలన్నది అంత పట్టింపు ఉన్న విషయం. మనవైపు 'ఆర్‌ఆర్‌ఆర్' (2022) లో సినిమా పేరే దాదాపు నలభై నిమిషాలకు పడుతుంది, ఇద్దరు హీరోలూ కలిశాక. అప్పటికి ఆ పేరుకు ఒక అర్థం ఏర్పడి ఉంటుంది.

హీరో ఎంట్రీని ఓపెనింగ్‌తో కలపొద్దు. పెద్ద స్టార్ ఉన్న సినిమాలో ప్రేక్షకుడి పని టికెట్ కొన్నప్పుడే మొదలైంది: ఎప్పుడొస్తాడు, ఎలా వస్తాడు. అందుకే అక్కడ పది నిమిషాలు కథ లేకపోయినా చెల్లుతుంది. మీ సినిమాలో కొత్త నటి ఉంది. ఆమె కోసం ఎవరూ ముందే ఎదురుచూడటం లేదు, ఆ ఎదురుచూపు మీరే పుట్టించాలి. ఓటీటీ వాళ్లు 'స్కిప్ ఇంట్రో' బటన్ పెట్టాక చాలామంది భయపడి మొదటి నిమిషంలోనే శవం పడేస్తున్నారు. నా లెక్కలో ఫోన్‌లో చూసేవాడికి కూడా శవం కంటే ప్రశ్నే ఎక్కువసేపు పనిచేస్తుంది. శవాలు అతను రోజూ చూస్తున్నాడు.

మీ ఓపెనింగ్ పనిచేస్తుందో లేదో తేల్చుకోవడానికి నేను వాడే పరీక్ష చెబుతాను. రఫ్ కట్‌ని (తొలి విడత ఎడిట్) కథ తెలియని మనిషికి చూపించి, అయిదో నిమిషంలో ఆపేయండి. 'ఎలా ఉంది' అని అడగొద్దు, 'బాగుంది' అనేస్తారు. 'ఇప్పుడేం జరుగుతుందనుకుంటున్నారు?' అని అడగండి. వెంటనే ఏదో ఒక ఊహ చెబితే, అది తప్పయినా సరే, మీరు గెలిచినట్టే. 'ఏమో, చూడాలి' అంటే పని ఇవ్వలేదన్నమాట. రెండో పరీక్ష: మొదటి సీన్ పూర్తిగా తీసేసి, రెండో సీన్ నుంచి చూపించండి. ఏం అర్థం కాలేదో చెప్పమనండి. చాలాసార్లు ఏమీ తగ్గినట్టు అనిపించదు. అప్పుడు మూడో సీన్ నుంచి.

మీ స్క్రిప్టుకు నేనైతే ఇలా చేస్తాను. ఎనిమిది పేజీలూ పక్కన పెట్టి తలుపు దగ్గర మొదలుపెట్టండి. అయితే ముందు ఒక నిర్ణయం తీసుకోవాలి. మొదటి దారి: మిట్టమధ్యాహ్నం, తాళం విప్పుతున్న చేతులు, పాత తాళం సంచిలో పడటం, కొత్త తాళంచెవి మొహం కనబడని ఒక మనిషి అరచేతిలో పడటం. తర్వాత రాత్రి, బస్సు దిగి నడిచొస్తున్న నర్సు, వేలికి తిప్పుకుంటున్న పాత తాళంచెవి. ఇందులో ప్రేక్షకుడికి ఆమె కంటే ముందే తెలుసు, ఆమె మెట్లెక్కుతుంటే టెన్షన్ పడతాడు. రెండో దారి: మనం ఆమెతోనే వస్తాం. తాళంచెవి దూరదు. తిప్పి పెడుతుంది. పై అంతస్తుకో కింది అంతస్తుకో వచ్చానేమోనని తలుపు మీద నంబరు చూస్తుంది. గుత్తిలోని మిగతా తాళంచెవులన్నీ ఒక్కొక్కటే పెట్టి చూస్తుంది, అవి దూరవని ఆమెకూ తెలుసు. చివరికి సొంత ఇంటికి తనే కాలింగ్ బెల్ కొడుతుంది. తలుపు కింది సందులోంచి వస్తున్న వెలుగు ఆరిపోతుంది.

నా ఓటు రెండో దానికి. మీ కథలో దోషి చెల్లెలు కాబట్టి, మొదటి దారిలో ఆ అరచేయి ఎవరిదని జనం మొదటి నిమిషం నుంచే వెతుకుతారు, చెల్లెలు తెర మీదికి రాగానే పట్టేస్తారు. రెండో దారిలో ఆమెను ఇంకా బాగా దాచొచ్చు. వెలుగు ఆరడానికి కాస్త ముందు, మెట్ల మీద కూర్చుని నర్సు చెల్లెలికి ఫోన్ చేస్తుంది. "నువ్వేమైనా తాళం మార్పించావా?" "లేదక్కా, నేనెందుకు మారుస్తాను? పక్కింటివాళ్లని అడిగావా?" ఈ రెండు ముక్కల్లో వాళ్ల బంధుత్వం, ఇంటి మీద చెల్లెలికీ హక్కుందన్న సంగతి, ఒక అబద్ధం, మూడూ వచ్చేశాయి. షోలే శాలువాలాగా అబద్ధం ఎదురుగానే ఉంది, కానీ అందరి దృష్టీ తలుపు మీద ఉంటుంది. ఆమె నర్సని చెప్పడానికి ఆసుపత్రి సీన్ అక్కర్లేదు, స్వెటర్ కింద యూనిఫాం, మెడలో వేలాడే ఐడీ కార్డు చాలు. స్నేహితురాలి జోకుల్లో ఒకటి రెండు తర్వాత, ఆమె ఇంట్లో తలదాచుకునే సీన్‌లోకి మార్చుకోండి, అక్కడ ఊపిరి తీసుకోవడానికి అవసరం పడతాయి.

ఒక హెచ్చరిక. చెల్లెలి గొంతుకు ఎఫెక్టులు పెట్టొద్దు, ఆమె మాట దగ్గర సంగీతం పెంచొద్దు. వెలుగు ఆరేదాకా ఆర్‌ఆర్ అసలు లేకుండా, తాళంచెవుల చప్పుడు, మెట్ల మీద అడుగులు, ఎక్కడో టీవీ శబ్దం మాత్రమే ఉంచి మిక్స్ చేయించండి. పేర్లు ఈ సీన్ మీద ఒక్కటి కూడా వద్దు. వెలుగు ఆరాక నలుపు, సినిమా పేరు, ఆ తర్వాత ఆమె మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చే షాట్ల మీద మిగతా పేర్లన్నీ వేసుకోవచ్చు. నిర్మాత మళ్లీ ఛేజ్ అడిగితే, ఈ సీన్‌ని ఫోన్‌లోనైనా సరే షూట్ చేసి చూపించండి. కాగితం మీద ఆయనకు ఇది ఖాళీగానే కనబడుతుంది.